గొర్రెపిల్ల మెడలో ఎర్రంచు

"ఎందుకు" అనే మాటకు దినేశ్ ఇంతగా భయపడింది ఎప్పుడూ లేదు.

పాలమూరు బస్టాండు వెనక, మిఠాయి దుకాణం పైన అతని స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు. కింద జిలేబీ వాసన, పైన టెన్సులు. ఆదివారం బ్యాచ్‌లో అందరూ నర్సులే. మిడ్‌వైఫరీ ట్రైనింగ్‌కు మనుషుల్ని ఎంచుకుంటున్నారు, ఇంటర్వ్యూ ఇంగ్లీషులో, అదీ బయటి దేశం నుంచి వచ్చిన ట్రైనర్ల ముందు. కాన్పులు చేయడంలో చేయి తిరిగిన అమ్మాయిలు కూడా ఆ సంగతి వినగానే బిక్కచచ్చిపోయి దినేశ్ దగ్గర చేరారు.

వాళ్ల పనికి తగ్గట్టు పుట్టుక మాటలతోనే మొదలుపెడదామనుకున్నాడతను. అదే అతను చేసిన తప్పు.

"ఐ వజ్ బోర్న్ ఇన్ పాలమూరు. నేను పాలమూరులో పుట్టాను. అందరూ చెప్పండి."

అందరూ చెప్పారు. కిటికీ పక్క అమ్మాయి మాత్రం చెప్పలేదు. పెన్ను చెంపకు ఆనించుకుని బోర్డును అనుమానంగా చూస్తోంది.

"సార్, ఒక డౌటు. నేను తిన్న అంటే ఐ ఏట్. నేను పోయిన అంటే ఐ వెంట్. నేను పుట్టిన అంటే మాత్రం నడుమ గా వజ్ ఎందుకొచ్చింది?"

"అది ప్యాసివ్ వాయిస్ అమ్మా. రూల్."

"రూల్ అంటే జవాబు కాదు గద సార్. పుట్టింది నేనే గదా? ఎవరో నాకేదో చేసినట్టు ఎందుకు చెప్పాలె?"

క్లాసంతా దినేశ్ వైపు తిరిగింది. దినేశ్ బోర్డు వైపు తిరిగాడు. బోర్డు మీద తను రాసిన వాక్యమే తప్ప జవాబు లేదు.

"ఇంకోటి సార్," అందా అమ్మాయి, దయాదాక్షిణ్యాలు లేకుండా. "రెండేండ్ల సంది లేబర్ రూమ్‌ల పనిచేస్తున్న. గీ మాటలన్నీ రోజూ నోట్ల నానేటియే. గని కూలి పనిని లేబర్ అంటరు, నొప్పులను గూడ లేబర్ అంటరు. ఎందుకు?"

"వచ్చే ఆదివారం చెప్తాను," అన్నాడు దినేశ్. టీచర్లందరికీ దేవుడిచ్చిన వరం ఆ వాక్యం.

ఆమె పేరు స్వర్ణ. మక్తల్ దగ్గరి పల్లె. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, మక్తల్ దవాఖానలో నర్సుగా చేరింది. దినేశ్‌ది రామన్నపేటలో మగ్గాల ఇల్లు. ఆ వారమంతా అతను ఇంగ్లీషు నిఘంటువుల మీద పడ్డాడు. పేజీ తిప్పినప్పుడల్లా పెన్ను చెంపకు ఆనించుకున్న మొహమొకటి కనబడి, దేనికోసం వెతుకుతున్నాడో మరిచిపోయేవాడు.

ఆదివారం వచ్చింది. దినేశ్ గొంతు సవరించుకున్నాడు.

"బేర్ అంటే మోయడం. బోర్న్ అనే మాట అందులోంచే వచ్చింది. కాబట్టి ఐ వజ్ బోర్న్ అంటే అసలు అర్థం, నన్ను మోశారు అని. ఎవరు మోశారో వాళ్లు చెప్పరు."

స్వర్ణ పెన్ను చెంప మీంచి తీసింది.

"చెప్పకపోతె తెల్వదా సార్," అంది స్వర్ణ మెల్లగా. "మనం గూడ నవమాసాలు మోసింది అనే అంటం గదా. అయితె గా వజ్ అంటే మా అమ్మ అన్నట్టు."

అంత పెద్ద సంగతిని అంత చిన్న వాక్యంలో పెట్టేసి, ఆమె దాన్ని బుద్ధిగా రాసుకుంది. దినేశ్‌కు మెచ్చుకోవాలనిపించింది, కానీ మాట రాలేదు. ఇంగ్లీషు పంతులుకు రెండు భాషల్లోనూ మాట రాకపోతే ఇక చెప్పేదేముంది? మనసు పడిందనే.

"ఇక లేబర్. ఆ మాటకు అసలు అర్థం కష్టం. ఒళ్లు వంచి పడే కష్టం. అది పొలంలో పడినా, కాన్పు గదిలో పడినా కష్టం కష్టమే."

"కూలి మాత్రం ఒక్కదానికే ఇస్తరు," అంది వెనక బెంచీ శ్రీలత. అందరూ గొల్లుమన్నారు.

"ఎక్స్‌పెక్టింగ్ అంటే?" అడిగాడు దినేశ్, ఊపు మీద.

"ఎదురుచూస్తున్నది. అంటే కడుపుతోటి ఉన్నది," అంది స్వర్ణ. "గిప్పుడు నేనడుగుత. మనదాంట్ల నీళ్లు పోసుకున్నది అంటరు. ఎందుకంటరు సార్?"

దినేశ్ డస్టర్ తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టాడు.

"వచ్చే ఆదివారం చెప్తరా సార్?" అని స్వర్ణే జాలిపడింది. ఆ జాలిలో సగం నవ్వే ఉంది.

ఆ రోజు నుంచి క్లాసు అయిపోయాక కింద టీ కొట్టు దగ్గర ఇంకో క్లాసు మొదలైంది. దానికి ఫీజు లేదు, ఇద్దరే విద్యార్థులు. డెలివరీ అంటే మొదట్లో విడుదల చేయడమని దినేశ్ చెప్తే, తొలుసూరు కాన్పు తల్లిగారింట్లోనే ఎందుకు జరగాలో స్వర్ణ చెప్పేది. మిడ్‌వైఫ్ మాట వచ్చినప్పుడు శ్రీలత "నడిమిట్ల పెండ్లామా సార్?" అని అడిగి నవ్వించింది. దినేశ్ నవ్వకుండా చెప్పాడు: "పాత ఇంగ్లీషులో మిడ్ అంటే తోడు. వైఫ్ అంటే ఆడమనిషి. ఆడమనిషికి తోడుండేది అని అర్థం." స్వర్ణ ఆ మాటను రెండుసార్లు పెదవుల మీదే అనుకుని, టీ చల్లారబెట్టుకుంది.

చిక్కంతా ఆ మరుసటి క్లాసులో వచ్చింది. బోర్డు మీద దినేశ్ జంతువుల కాన్పులు రాశాడు. ఆవుకు కావ్, మేకకు కిడ్, గుర్రానికి ఫోల్, గొర్రెకు ల్యామ్. ఒక్కోదానికి ఒక్కో క్రియ.

"గిన్ని ఎందుకు సార్? మాకైతె ఒక్కటే. ఆవైనా మేకైనా ఈనుతది. వరి గూడ ఈనుతది."

"వరి ఈనడమేంటి?"

"పొట్టలకెల్లి ఎన్ను బయటికొస్తె ఏమంటరు మరి? ఈనింది అనే అంటరు. సార్, నిజం చెప్పుండ్రి. గొర్రె ఈనంగ ఎప్పుడన్న చూసిండ్రా?"

"మా ఇంట్లో మగ్గం తప్ప ఏముంది? పోగు తెగితే అతకడం చూశాను."

"చూడకుండనే చెప్తున్నరా!" అంది స్వర్ణ. ఆశ్చర్యపోయినట్టు నటించలేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. "మా మందల గిప్పుడు ఈతలే. సోమవారం సెలవున్నది గదా. వచ్చి చూడుండ్రి. చూసినంక చెప్పుండ్రి."

సోమవారం పొద్దున దినేశ్ మక్తల్‌లో బస్సు దిగేసరికి సన్నటి ముసురు. మెడలో వాళ్ల నాయిన నేసిన తువ్వాలు, తెల్లది, ఎర్రంచుది. స్వర్ణ స్కూటీ తెచ్చింది. దారి పొడవునా దినేశ్ వెనక కడ్డీని రెండు చేతులా పట్టుకుని, ఎంత పెద్దమనిషిలా కూర్చోవచ్చో అంత పెద్దమనిషిలా కూర్చున్నాడు.

"సార్, జర ముందలికి జరుగుండ్రి. గుంత వస్తె వెనకకు పడ్తరు."

"పర్వాలేదు."

గుంత వచ్చింది. పడలేదు గానీ, ఆమె భుజం పట్టుకుని "సారీ" అన్నాడు. ఆమె "గిది ఏ టెన్సు సార్?" అంది.

చేలో గొర్ల దొడ్డి. స్వర్ణ నాయిన గాలయ్య మందను మేతకు తోలుకుపోయాడు. నిండు సూడి గొర్లను మాత్రం దొడ్డిలోనే ఉంచారు. టార్పాలిన్ పట్టా కింద స్వర్ణ అవ్వ బక్కమ్మ గొంగడి కప్పుకుని ఆకువక్క నములుతోంది. దినేశ్‌ను పైనుంచి కిందికి చూసి, "గీయనేనా మాటలు చెప్పే సారు?" అంది.

అప్పటికే ఒక గొర్రె పక్కకు ఒరిగి ముక్కుతోంది. లేస్తోంది, పడుకుంటోంది, నేలను కాలితో గీరుతోంది. స్వర్ణ మొహం మారిపోయింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని మోకాళ్ల మీద కూర్చుంది.

"లోపల పిల్ల ఒక కాలు వెనకకు మడిచి పెట్టుకున్నది. అవ్వా, తల పట్టుకో. సార్, ఇటు రాండ్రి."

"నేనా?"

"ఇంకెవరున్నరు గీడ?"

ఆమె కళ్లు మూసుకుని వేళ్లతోనే చూసింది. కాసేపటికి మడత విడిపోయింది. రెండు చిన్న గిట్టలు కనబడ్డాయి. "పట్టుండ్రి. గిప్పుడు గుంజొద్దు. అది ముక్కినప్పుడే గుంజాలె. ఆగుండ్రి... ఆగుండ్రి... గిప్పుడు!"

దినేశ్ లాగాడు. నీళ్లలో ముంచి తీసిన నూలు పోగుల చిలపలా ఒక ప్రాణి జారి అతని ఒళ్లో పడింది. కదల్లేదు. స్వర్ణ దాని నోట్లో వేలు పెట్టి జిగురు తీసి, గడ్డితో పక్కటెముకలు గట్టిగా రుద్దింది. దినేశ్ తువ్వాలుతో దాని ముక్కు తుడిచాడు. అది తుమ్మింది. తర్వాత సన్నగా అరిచింది.

దినేశ్‌కు తెలియకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవాలని కూడా తోచలేదు.

"ఇంక చాలు సార్, ఎక్కువ తుడవొద్దు. తల్లి నాకాలె. నాకితెనే పిల్ల వాసన దానికి గుర్తుంటది." స్వర్ణ పిల్లను తల్లి ముందుకు జరిపింది. "ఇంగ్లీషుల చెప్పుండ్రి. ఏమైంది గిప్పుడు?"

"ఎ ల్యామ్ వజ్ బోర్న్," అన్నాడు. ఎన్ని బ్యాచులకు చెప్పాడో ఆ మాట! ఈ రోజే మొదటిసారి అన్నట్టుంది.

పిల్ల తడబడుతూ లేచింది. దొడ్డి నిండా అలాంటి పిల్లలే. దినేశ్‌కు ఒక దిగులు పుట్టింది. మళ్లీ వస్తే ఈ పిల్లను ఎలా గుర్తుపట్టాలి? తన చేతుల మీద పుట్టింది కదా! ఇంకేమీ ఆలోచించకుండా తువ్వాలు ఎర్రంచును పర్రున చింపి, ఆ పేలికను దాని మెడకు ముడివేశాడు.

బక్కమ్మ నమలడం ఆపేసింది.

"ఆడపిల్లనా మొగపిల్లనా, చూసినవా బిడ్డా?"

"చూడలే అవ్వా."

"ఆడపిల్లనే," అంది బక్కమ్మ. అని మనవరాలి వైపు చూసింది.

స్వర్ణ ఏమీ అనలేదు. అన్నిటికీ ఎందుకని అడిగే పిల్ల, అప్పుడు మాత్రం మిగిలిన తువ్వాలును చేతిలోకి తీసుకుని, "ఉతికి ఇస్త," అంది. ఆమె చెవులు ఎర్రబడటం దినేశ్ చూశాడు. చలికేమో అనుకున్నాడు, అమాయకుడు.

తర్వాతి ఆదివారం స్వర్ణ క్లాసుకు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. గురువారమే ఇంటర్వ్యూ. శ్రీలతను అడిగితే, "నాకేం తెల్వది సార్," అని బోర్డును చూసి ముసిముసిగా నవ్వింది. కిటికీ పక్క బెంచీ ఖాళీగా ఉంటే ఆ గదిలో ఏ మాటకూ అర్థం లేనట్టనిపించింది దినేశ్‌కు. గురువారం కూడా వెళ్లిపోయింది. ఆమె ఇంటర్వ్యూకు వెళ్లిందో లేదో కూడా తెలియలేదు.

శుక్రవారం రామన్నపేట నుంచి వాళ్ల నాయిన పరమేశ్వర్ ఫోన్ చేశాడు.

"ఏమిరా, నేను నేసిన తువ్వాల చింపినవట?"

"నీకెవరు చెప్పిండ్రు నాయినా?"

"మక్తల్ దిక్కుకెల్లి గాలయ్య అని ఒకాయన, ఇంకో పెద్దమనిషి వచ్చిండ్రు. సగం తువ్వాల ఉతికి, మడత పెట్టి తెచ్చి, గిది మీ ఇంటిదేనా అన్నరు. నా నేత నేను గుర్తుపట్టనా? మాదే అన్న. అయితె మీ పిలగాడు మా పిల్లను అడిగిండు, మీ మాటేంది అన్నరు."

దినేశ్ కుర్చీలో కూలబడ్డాడు.

"వాళ్లింట్ల ఆనవాయితట," అన్నాడు పరమేశ్వర్. "పిల్లకు పెండ్లి చేసినప్పుడు మందలకెల్లి ఆడ గొర్రెపిల్లను అరణమిస్తరట. పిల్లను అడగదల్చుకున్నోడు ముందుగాల గా గొర్రెపిల్ల మెడకు తన ఇంటి బట్ట కడ్తడట. నువ్వు వాళ్ల అవ్వ ముందల్నే కట్టినవట. ఊరంత చెప్పుకుంటున్నరట."

"నాకు తెల్వదు నాయినా. గుర్తుకోసం కట్టిన."

అవతల మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"మనది మగ్గం, వాళ్లది మంద. నాకూ ముందు మనసొప్పలేదు," అన్నాడు చివరికి. "గని గాలయ్య చాయ తాగుకుంట మగ్గం కాడ కూసోని, మేము గూడ ఉన్నితోటి గొంగడ్లు నేస్తం అన్నడు. పోగు పట్టుకున్న తీరు చూసిన. చేతులు అబద్ధమాడయి. నా సంగతి ఇడిసిపెట్టు. నీకు గా పిల్ల ఇష్టమా కాదా, గది చెప్పు. కాకుంటె పోయి విప్పి రా. ఆడపిల్లను ఊరి నోట్ల పెట్టి ఊకుండుడు పద్ధతి కాదు."

ఇష్టమా కాదా అన్నదాంట్లో దినేశ్‌కు అనుమానమే లేదు. ఆమె టీ చల్లారబెట్టుకున్న రోజే అది తేలిపోయింది. నాయినకు ఆ మాటే చెప్పాడు. భయమంతా ఆమె గురించే. తెలియక కట్టానంటే ఊళ్లో ఆమె తల దించుకోవాలి. తెలిసే కట్టానంటే అబద్ధం, పైగా ఆమెకు ఇష్టమో కాదో ఎవరడిగారు? ఆమెకు ఆ ఆనవాయితీ తెలుసు. కట్టేటప్పుడు పక్కనే ఉంది. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు.

ఎందుకు?

ఆ మాట ఇప్పుడు అతన్ని పట్టుకుంది. ఏ నిఘంటువులోనూ దానికి జవాబు ఉండదు. మర్నాడు మొదటి బస్సెక్కాడు.

దొడ్డి దగ్గర అందరూ ఉన్నారు. గాలయ్య తలపాగా చుట్టుకుని కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. బక్కమ్మ పట్టా కింద ఉంది. స్వర్ణ దినేశ్‌ను చూసి, చేతిలోని మేత కట్ట కింద పెట్టేసింది.

"బాపూ, నేను చెప్పలేదా? సారుకు మన ఆనవాయితి తెల్వదు. తెల్వక కట్టిండు. ఆయన్ను ఏమనకు."

"తెల్వక కట్టుడేంది?" అన్నాడు గాలయ్య. "చదువుకున్నోడు గదా!"

"ఆమె చెప్పింది నిజమే బాపూ," అన్నాడు దినేశ్. "తెల్వకనే కట్టిన."

స్వర్ణ తల తిప్పేసుకుంది. తనే చెప్పిన మాట అతని నోట వినేసరికి ఎంత కష్టంగా ఉందో ఆ తల తిప్పుడులోనే కనబడింది.

బక్కమ్మ వక్క ఊసి తీర్పు చెప్పింది. "తెల్వక కట్టినోడు తెలిసి విప్పాలె. గంతే. ఎవరి తొవ్వ వాళ్లది."

దినేశ్ దొడ్డిలోకి వెళ్లాడు. పిల్ల అతన్ని గుర్తుపట్టిందో లేదో గానీ, తప్పించుకోకుండా నిలబడింది. వారం పైనే అయింది, మెడ లావెక్కింది. ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో, పళ్లతో కష్టపడి విప్పాడు. పిల్ల మెడ విదిలించింది. ఎర్రంచు పేలిక అతని చేతిలో మిగిలింది.

స్వర్ణ అటు తిరిగే ఉంది.

"విప్పిన," అన్నాడు దినేశ్. "స్వర్ణా, గిప్పుడు నేనొక్కటి అడుగుత. రూల్ అని మాత్రం చెప్పొద్దు. ఆ రోజు పక్కనే ఉంటివి. నీకు తెలుసు. ఎందుకు చెప్పలే?"

గొర్లు నెమరేస్తున్నాయి. గాలయ్య కూడా గడ్డం కర్ర మీంచి తీశాడు. కూతురు ఏమంటుందోనని ఆయనకూ కుతూహలంగానే ఉంది.

స్వర్ణ తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి. మొదటిసారి "సార్" అనలేదు, "మీరు" అనలేదు.

"చెప్తె విప్పుతవేమోనని."

దినేశ్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. పేలికను మళ్లీ పిల్ల మెడకు చుట్టాడు. తొందరపడలేదు. అందరూ చూసేలాగే కట్టాడు.

"గిప్పుడు తెలిసే కడుతున్నవా?" అన్నాడు గాలయ్య, గొంతు గట్టిగా ఉంచడానికి ప్రయత్నిస్తూ.

"తెలిసే కడుతున్న బాపూ. మా నాయిన వచ్చే వారం మీ ఇంటికొస్తడు. చింపిన తువ్వాలకు బదులు కొత్తది మగ్గమెక్కిచ్చిండు."

"మరి మా పిల్ల ఇంటర్వ్యూకు పోయొచ్చింది. గా ట్రైనింగ్‌ల ఎంచుకున్నరట. హైదరాబాదుల చదువాలెనట. పెండ్లయితె గదేమైతది?"

దినేశ్ స్వర్ణ వైపు చూశాడు. మొహమంతా వెలుగుతోంది. "పోయినవా? ఏమడిగిండ్రు?"

"మిడ్‌వైఫ్ ఎందుకు కావాలనుకుంటున్నవు అన్నరు. నోరు ఎండుకపోయింది. అప్పుడు చాయ కొట్టు యాదికొచ్చింది. మిడ్‌వైఫ్ మీన్స్ విత్ ది వుమన్. ఐ వాంట్ టు బి విత్ హర్, అన్న. ఇంకేం అడగలే."

"చదువైనంకనే పెండ్లి," అన్నాడు దినేశ్ గాలయ్యతో. "ఆమె చదువుకుంటది. నేను ఎదురుచూస్త."

"అంటే ఎక్స్‌పెక్టింగా సార్?" అంది స్వర్ణ కళ్లు తుడుచుకుంటూ. దినేశ్ మొహం ఎర్రంచు కన్నా ఎర్రబడింది. ఏమర్థమైందో ఏమో, గాలయ్య కూడా నవ్వేశాడు.

దినేశ్ చేతుల్లో ముడి ఇంకా పూర్తికాలేదు. బక్కమ్మ పట్టా కిందనుంచి లేచి వచ్చి, వంగి, ముడికీ మెడకూ మధ్య తన రెండు వేళ్లు దూర్చి చూసింది.

"జర వదులు కట్టు బిడ్డా," అంది. "పెరిగే పిల్ల."